ఆర్డిస్ చెప్పిన గాలి

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. ఆ సామెత ఆర్డిస్ హెగ్‌డాల్ ముందు ఎత్తితే ఆమెకు ఒళ్ళు మండిపోయేది. "తెలీకపోతే బయటికెళ్ళి నుంచోండి. తెలిసేదాకా లోపలికి రాకండి" అనేది. వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు.

మా హార్నిష్ ఊళ్ళో పశువుల సంత షెడ్డును ఆనుకుని ఉన్న కాఫీ హోటల్ నాది. తలుపుకు అటువైపు ఆవుల వేలం. ఇటువైపు గ్రేవీ పోసిన మాంసం, బంగాళాదుంపల ముద్ద, మా అమ్మమ్మ చేసినట్టే మీగడ పోసి కాల్చిన కూఖెన్ అనే తీపి రొట్టె. సంత వారానికి ఒక్క రోజే. అయినా ఆవులున్న మగవాళ్ళంతా ప్రతిరోజూ వచ్చి కూచుంటారు. తోలు గ్లాసులో పాచికలు గిలకరించి, ఓడినవాడి చేత అందరికీ కాఫీ పోయిస్తారు. వాళ్ళ నోళ్ళు మూతపడేది మధ్యాహ్నం ఒక్కసారే. రేడియోలో పశువుల ధరలు అయిపోయాక, చావు కబుర్లు మొదలవకముందు, ఆర్డిస్ గొంతు వచ్చేది. ఆ కాసేపూ చెంచా చప్పుడు కూడా చెయ్యనిచ్చేవాళ్ళు కాదు. ఒకసారి నా చేతిలోంచి పళ్ళెం జారి పగిలితే, నా హోటల్లో నేనే దొంగదానిలా నిలబడవలసి వచ్చింది.

ఆమె వాతావరణం గురించి ఏ కాలేజీలోనూ చదువుకోలేదు. చదువుకున్నవాళ్ళు నదికి అవతల వాతావరణ ఆఫీసులో ఉంటారు. వాళ్ళు పంపే కాగితం నిండా "అవకాశం ఉంది", "ఇంకా స్పష్టత లేదు", "దారి మారితే ఫలితం మారవచ్చు" ఇలాంటి మాటలుంటాయి. పాము చావదు, కర్ర విరగదు. వాళ్ళను నేను తప్పుపట్టను. చలికాలం పోతున్నట్టు పోతూ వెనక్కి తిరిగే ఆ రోజుల్లో, ఈ మైదానం మీద రేపు ఏమవుతుందో నిజంగానే ఎవరికీ తెలియదు. పొద్దున చొక్కా చేతులు మడిచి కంచె బాగుచేసినవాడికి సాయంత్రం ఆ కంచే కనపడకపోవచ్చు. కాని ఆవులు ఈనుతున్నవాడు స్పష్టత లేదన్న మాటను ఏం చేసుకుంటాడు? తోలాలా, వద్దా? వాడికి ఆ ఒక్క ముక్క కావాలి. ఆర్డిస్ ఆ ముక్క చెప్పేది.

"వాగు పక్కనున్నవాళ్ళు పైకి తోలండి. బల్లపరుపు నేల మీదున్నవాళ్ళు చెట్ల వెనక్కి తోలి గేటు వేసెయ్యండి. రేపటిది ఉత్త బెదిరింపు, మీ పని మీరు చూసుకోండి." ఆమె చెప్పే తీరు ఇదీ. రేడియోలో చెప్పారని మావాళ్ళు ఎవరూ అనరు. ఆర్డిస్ చెప్పింది అంటారు.

ఆమె పుట్టింది ఊరికి ఉత్తరాన, రాళ్ళు తప్ప ఏమీ పండని ఒక పొలంలో. తండ్రికి మాట తక్కువ, దురుసు ఎక్కువ. తెల్లవారగానే కూతురిని మెట్ల మీదికి పంపి గాలి ఎటునుంచి ఉందో చూసి రమ్మనేవాడు. ఏ చెంప చల్లబడితే అటునుంచి అన్నమాట. తెలియడం లేదంటే తలుపు తీసేవాడు కాదు. ఆ పసిపిల్ల ఆ మెట్ల మీదే ఒక సంగతి నేర్చుకుంది. జవాబు తెలియకపోయినా సరే, ఏదో ఒకటి గట్టిగా చెబితే తలుపు తెరుచుకుంటుంది. ఇది ఆమే నాకు చెప్పింది, ఏదో ముచ్చటైన జ్ఞాపకం చెబుతున్నట్టు. నాకైతే ఆ ముసలాణ్ణి సమాధిలోంచి లేపి నాలుగు తగిలించాలనిపించింది.

పెరిగి పెద్దదై, ఊరి బయట ఒకే గది ఉన్న బడిలో పాఠాలు చెప్పింది. పిల్లలు తగ్గిపోయి బడి మూసేశాక ఓర్లిన్ హెగ్‌డాల్‌ను పెళ్ళి చేసుకుంది. ఓర్లిన్, అతని తమ్ముడు వెర్లిన్, ఇద్దరూ కలిసే ఆవుల్ని పెంచేవాళ్ళు. తండ్రి నాటి ఎర్రావుల మంద. పిల్లలు పుట్టలేదు ఆర్డిస్‌కి. ఒక జనవరిలో ఓర్లిన్ ఎండుగడ్డి వేస్తూ వేస్తూ గుండె ఆగి ఆ గడ్డి మీదే ఒరిగిపోయాడు. ఆవులు కాసేపు అతని చుట్టూ మేశాయట. మంద మరిదికి వదిలేసి ఆమె ఊళ్ళోకి వచ్చేసింది.

రేడియో స్టేషన్లో ఆమె చేరింది ప్రకటనలు పట్టుకురావడానికి. ఒక చలికాలం మధ్యలో వార్తలు చదివే కుర్రవాడు పెద్ద ఊరి ఉద్యోగం దొరికి చెప్పాపెట్టకుండా పోయాడు. "పంతులమ్మ గొంతే కదా, నువ్వు చదువు" అన్నాడు యజమాని. మొదటి రోజు ఆఫీసు కాగితం ఉన్నది ఉన్నట్టు చదివింది. చదవడం అయిందో లేదో ఫోన్ మోగింది. అవతల వెర్లిన్.

"ఆర్డిస్, బాగా చదివావు. అంతా విన్నాను. ఇంతకీ నన్నేం చెయ్యమంటావ్?"

మర్నాటి నుంచి ఆమె ఏం చెయ్యాలో చెప్పడం మొదలుపెట్టింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు చెప్పింది. తప్పలేదని కాదు. తప్పితే ఎప్పుడూ అతి జాగ్రత్త వైపే తప్పేది. తోలమంటుంది, తోలుతారు, మంచు రాదు, తిట్టుకుంటూ మళ్ళీ బయటికి తోలుకుంటారు. దానివల్ల ఎవరికీ బూట్లకు బురద తప్ప ఇంకేం అంటలేదు. ఆ తిట్టడంలో మొనగాడు గేలెన్ రౌష్.

గేలెన్‌ది వెర్లిన్ పొలం పక్కనే ఉన్న గుట్టల నేల. ఆ గుట్టల్లో అతని ఆవులు ఎక్కడున్నాయో అతనికే తెలియదు. కంచె తెగితే కట్టడు, గేటు ఊడితే తాడు చుట్టి వదిలేస్తాడు. నోరు మాత్రం ఎప్పుడూ పనిలోనే ఉంటుంది. వెర్లిన్ దీనికి సరిగ్గా తిరగేసినట్టుంటాడు. కంచె తీగ వీణ తీగలా బిగిసి ఉండాలి. ఏ ఆవు ఏ తల్లి కూతురో నిద్రలో అడిగినా చెబుతాడు. మాటలు తక్కువ. పాచికల్లో ఓడిపోతే మారు మాట్లాడకుండా డబ్బు బల్ల మీద పెడతాడు.

నేను చెప్పబోయే సంవత్సరానికి ముందు రెండేళ్ళు వానల్లేవు. గడ్డి లేదు. వెర్లిన్ మొదట ముసలి ఆవుల్ని సంతకు తోలాడు, తర్వాత నడివయసు వాటిని. చివరికి పడుచు ఆవులు, అన్నీ తండ్రి మందకు మనవరాళ్ళో మునిమనవరాళ్ళో అయినవి, అవే మిగిలాయి. ఆ వసంతంలో వాటి దూడలు దక్కితే మంద మళ్ళీ నిలబడుతుంది. దక్కకపోతే అరవై దాటిన మనిషి మళ్ళీ మొదలుపెట్టేదేమీ ఉండదు. ఇది అతనే నా హోటల్లో అందరి ముందూ చెప్పాడు.

"ఈ ఈత గట్టెక్కితే ఉంటాను. లేకపోతే లేదు. ఆవుల్లేకుండా ఇంట్లో కూచుంటే డొరీన్ నన్ను కూడా తన ముసలాళ్ళ హోములో చేర్పించేస్తుంది."

డొరీన్ అతని భార్య. ఊళ్ళోని వృద్ధుల హోములో వంట చేస్తుంది. అందరూ నవ్వారు. వెర్లిన్ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడడం నేను అంతకు ముందు వినలేదు.

మార్చి వచ్చింది. వారం రోజులు ఎండ కాసింది. రోడ్లన్నీ బురద, పిట్టలు అప్పుడే కంచెల మీద చేరి కూస్తున్నాయి. మాకు అలాంటి మార్చిని చూస్తే భయం. ఆ వారం మొదటినుంచీ ఆఫీసు కాగితంలో తుఫాను మాట ఉంది. వస్తుందో రాదో, వస్తే ఏ దారిన వస్తుందో, అదే తేలలేదు. దక్షిణం సరిహద్దు మీదుగా చకచకా పోతే మామూలే, మంచు పడుతుంది, వాయవ్యం నుంచి గాలి కొడుతుంది. అలా కాక నైరుతి మూల ఆగిపోయి నాన్చితే ముందు వాన, ఆ మీద తడి మంచు, సగం రోజు తూర్పు గాలి, ఆ తర్వాతే వాయవ్యం. రెండో దానికి అవకాశం తక్కువే కాని కొట్టిపారెయ్యలేమని రాశారు.

తూర్పు గాలి అంటే మాకు ఒక లెక్క కాదు. మా తాతలు ప్రతి ఇంటికీ ఉత్తరాన, పడమట దట్టంగా చెట్ల వరుసలు నాటారు. నీళ్ళు మోసి మోసి బతికించారు. తుఫాను వచ్చేది ఆ మూలనుంచే. ఆ చెట్ల వెనక నిలబడితే గాలి నెత్తిమీదుగా పోతుంది. తూర్పువైపు ఖాళీగా వదిలేశారు. పొద్దుటెండ రావాలి, రోడ్డు మీదికి గేటు ఉండాలి. తూర్పున చెట్లు పెట్టేవాణ్ణి మావాళ్ళు పిచ్చివాడనే అంటారు.

తుఫానుకు ముందురోజు ఆర్డిస్ రేడియోకి వెళ్ళబోతూ సూప్ తాగడానికి వచ్చింది. కోటు జేబులోంచి కాగితం తొంగిచూస్తోంది. ఆమె కోసమే కాచుకుని ఉన్నట్టు వెర్లిన్ లేచి వచ్చి ఎదురుగా కూచున్నాడు. వెనక బల్ల దగ్గర్నుంచి గేలెన్ అందుకున్నాడు.

"ఏమంటున్నారు ఆఫీసువాళ్ళు? రావచ్చు, రాకపోవచ్చు, వస్తే రావచ్చు, అంతేనా? దీనికి జీతాలు కూడా ఇస్తారంట."

"నీకైతే దేనికీ ఇవ్వరు" అంది ఆర్డిస్, సూప్ మీంచి తలెత్తకుండా.

"కోప్పడకు ఆర్డిస్, తెలుసుకుందామని అడుగుతున్నా. పోయిన నెల అడుగెత్తు మంచన్నావ్. నా బూటు అడుక్కి కూడా అంటలేదు."

"ఈసారి అంటుంది."

"నీ మోకాలు చెప్పిందా?"

"నీ బుర్ర కన్నా నా మోకాలే నయం గేలెన్."

హోటలంతా గొల్లున నవ్వింది. వెర్లిన్ నవ్వలేదు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆర్డిస్, సగం ఈనాయి. మిగతావి ఇవాళో రేపో అన్నట్టున్నాయి. కొండపక్కనే వదిలెయ్యనా, ఇంటి దగ్గర చెట్లలోకి తోలనా? రెండిట్లో ఒకటి చెప్పు."

ఆమె కాగితం తీసి విప్పింది. చదివింది. మళ్ళీ మడిచింది. అంతసేపు ఆలోచించడం ఆమె అలవాటు కాదు. నేను కాఫీ పాత్ర పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

"చెట్ల వెనక్కి తోలు" అంది. "తోలి గేటు వేసెయ్. లేకపోతే గాలికి కొట్టుకుపోతాయి. వాయవ్యం గాలి."

"ఖాయమేనా?"

"ఖాయం."

వెర్లిన్ భుజాల మీంచి బరువు దిగినట్టయింది. కాఫీ కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయాడు. ఆర్డిస్ స్టేషన్‌కి వెళ్ళి అదే మాట రేడియోలో చెప్పింది. వింటూ గేలెన్ చెయ్యి ఊపాడు. "నేను తోలను. నా దొడ్డి గేటు కింద పడుంది, ఇప్పుడెవడు ఎత్తుతాడు? నా ఆవులకి నాకన్నా తెలివుంది, అవే చూసుకుంటాయ్." ఇది ఆ రోజు అందరికీ సరదాగా వినిపించింది.

మర్నాడు పొద్దున నేను హోటల్ తెరిచి పొయ్యి వెలిగిస్తుంటే కిటికీ మీద ఎవరో గులకరాళ్ళు విసిరినట్టు చప్పుడైంది. నా పెద్ద కిటికీ తూర్పు ముఖం. చలికాలమంతా దానికి ఒక మంచు రేకు కూడా అంటదు, తుడిచే పనే ఉండదు. ఆ కిటికీ మీద వాన కొడుతోంది. పక్కకి కాదు, నేరుగా. కాఫీ కాగే లోపలే వాన మంచుగా మారి, తడి ముద్దలై అద్దానికి అంటుకోవడం మొదలైంది.

ఆర్డిస్ టోపీ లేకుండా రోడ్డుకు అడ్డంపడి వచ్చింది. జుట్టంతా తడి. నా ఫోన్ లాక్కుని వెర్లిన్ ఇంటికి కలిపింది. డొరీన్ ఎత్తింది. ఆమె ఎంత గట్టిగా మాట్లాడిందంటే అవతల నిలబడ్డ నాకు కూడా వినిపించింది.

"డొరీన్, వెర్లిన్‌ని గేటు తియ్యమను. ఇప్పుడే తియ్యమను. తీసి వదిలెయ్యమను."

"దానికే వెళ్ళాడు ఆర్డిస్. ఎప్పుడో వెళ్ళాడు. నాకిక్కణ్ణించి కొట్టం కూడా కనపడ్డంలేదు."

ఆర్డిస్ ఫోన్ పెట్టేసి స్టేషన్‌కి పరిగెత్తింది. పాటల మధ్యలో చొరబడి, "తూర్పు గాలి, తూర్పు గాలి, గేట్లు తీసెయ్యండి" అని అరిచింది. మళ్ళీ మళ్ళీ అరిచింది. కొందరు విన్నారు, తీశారు, కొంత దక్కించుకున్నారు. కరెంటు పోయేదాకా ఆ గొంతు వస్తూనే ఉంది. పంతులమ్మ గొంతు ఆ రోజు చిన్నపిల్ల గొంతయింది.

గేటు దగ్గర ఏం జరిగిందో తర్వాత డొరీన్ నాకు చెప్పింది. వెర్లిన్ చేరేసరికి గేటు సగం దాకా మంచులో కూరుకుపోయి ఉంది. ఎప్పుడూ నూనె రాసి, కొంచెం కూడా వాలకుండా చూసుకున్న గేటు. అది కదలకపోతే పక్కన కంచె తీగలు కత్తిరించాడు. దారి చేశాడు. కాని ఆవులు రాలేదు. ఆవు గాలికి ఎదురు నడవదు. కళ్ళ మీద మంచు గడ్డకట్టిన ఆవు అసలే నడవదు. గాలి ఎటు నెడితే అటు, అంటే పడమటి చెట్ల వరుసకేసి, ఒకదానిమీదొకటి ఒత్తుకున్నాయి. దూడలు వాటి కాళ్ళకింద ఉండిపోయాయి. ఏ చెట్లు మంచును ఆపుతాయని తాతలు నాటారో, అవే చెట్లు ఆ మంచునంతా ఆపి వాటి మీద పోశాయి. వెర్లిన్ వాటిని కొట్టాడు, తోశాడు, పేర్లు పెట్టి పిలిచాడు. చివరికి కంచె తీగ పట్టుకుని తడుముకుంటూ ఇంటికి వచ్చి పడ్డాడు. వేళ్ళు రెండు నల్లబడ్డాయి.

రెండో రోజు గాలి వాయవ్యానికి తిరిగింది, ఆర్డిస్ చెప్పినట్టే. చెట్ల వరుస ఆ గాలిని చక్కగా ఆపింది. దాని వెనక అప్పటికి ప్రాణంతో ఉన్నవి చాలా కొద్ది.

ఆ మర్నాడు ఎండ కాసింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. నాకు ఆ ఎండ మీద వచ్చినంత కోపం ఆ తుఫాను మీద కూడా రాలేదు. గేలెన్ ఆవులు గాలి తిరిగినప్పుడల్లా గుట్టలకు అవతలి పక్కన గాలి తగలని చోట్లు వెతుక్కుని, దూడల్ని వెంటబెట్టుకుని నిమ్మళంగా బయటికొచ్చాయి. నమ్మి చెడినవాడు లేడంటారు. ఆ మాటన్న మహానుభావుడు మా కౌంటీకి రాలేదు. ఆర్డిస్ మాట అక్షరాలా విన్నవాడి మంద పోయింది. విననివాడి మంద మేస్తోంది. గేలెన్ ముందుచూపున్నవాడైతే నాకింత బాధ ఉండేది కాదు. గేటు ఎత్తడానికి బద్ధకించాడు, అంతే.

కాని ఒకటి చెప్పాలి. మంచు తవ్వే యంత్రం తీసుకుని అందరికన్నా ముందు వెర్లిన్ ఇంటికి పోయింది గేలెనే. పొద్దంతా తవ్వి సాయంత్రం నా హోటల్‌కి వచ్చి కూచున్నాడు. కాఫీ ముట్టలేదు.

"నిలబడే ఉన్నాయి జెనీవ్" అన్నాడు నాతో. "మంచు తీస్తుంటే ఒక్కొక్కటీ నిలబడే కనపడింది. బతికున్నాయనుకుని వెర్లిన్ పరిగెత్తేవాడు. ప్రతిసారీ పరిగెత్తాడు. వద్దురా అంటే వినడు."

ఎన్ని పోయాయో వెర్లిన్ లెక్కపెట్టలేదు. మిగిలినవి లెక్కపెట్టే అవసరం లేకుండా కనపడేవి.

ఆర్డిస్‌ను ఎవరూ ఒక్క మాట అనలేదు. మా ఊళ్ళో అనరు. ఎదురుపడితే "పోనీలే ఆర్డిస్, ఎవరికి తెలుస్తుంది చెప్పు" అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె చెంపదెబ్బ తిన్నట్టు కళ్ళు మూసుకునేది. ఆమె బతుకంతా దేనికి పనికొచ్చిందో, అది ఆ ఓదార్పులో కొట్టుకుపోయింది. ఎవరికీ తెలియనిదైతే ఆమె ఇన్నేళ్ళూ ఎందుకు?

రేడియోకి వెళ్ళడం మానలేదు. కాని ఇప్పుడు ఆఫీసు కాగితం ఉన్నది ఉన్నట్టు చదవడం మొదలుపెట్టింది. అవకాశం ఉంది, స్పష్టత లేదు, దారి మారవచ్చు. ఏ ఒక్క మాటా వదిలేది కాదు. మొదట్లో నా హోటల్లో వాళ్ళు ఎప్పటిలా ఊరుకుని విన్నారు. వారం తిరక్కుండానే ఆమె చదువుతుండగా ఎవరో పాచికలు గిలకరించారు. "ఇదంతా నా ఫోన్లో ఉంది కదా" అన్నాడు ఇంకొకడు. నేను వాళ్ళను గదమాయించాను. ఒక పూట ఊరుకున్నారు, అంతే.

ఏప్రిల్‌లో మళ్ళీ మబ్బు పట్టిన ఒక రోజు గేలెన్ ఆమెను మర్యాదగానే అడిగాడు.

"ఆర్డిస్, ఈసారి నువ్వు చెప్పింది చేస్తాను. ఒట్టు. గేటు కూడా ఎత్తి పెట్టాను. తోలమంటావా, వద్దా?"

"రెండూ జరగొచ్చు గేలెన్."

"ఏదో ఒకటి చెప్పు."

"సగం సగం అవకాశం ఉంది."

గేలెన్ నా వైపు చూశాడు, ఏదైనా చెయ్యమన్నట్టు. ఎగతాళి చేసే మనిషి అలా బతిమాలుతుంటే చూడలేక నేను బల్ల తుడవడం మొదలుపెట్టాను. ఆర్డిస్ చేతిసంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మబ్బు ఏమీ చెయ్యకుండానే పోయింది.

ఏప్రిల్ ఆఖరున వెర్లిన్ మిగిలిన ఆవుల్ని సంతకు తోలాడు. దూడలు పోగొట్టుకున్న ఆవులు కొన్ని, వాటి పొదుగులు ఇంకా సరిగ్గా తగ్గలేదు. ఆ రోజు ఆర్డిస్ పొద్దున్నే వచ్చి గోడ పక్క బల్ల దగ్గర కూచుంది. ఏమీ తినలేదు. చాలాసేపటికి వెర్లిన్ షెడ్డులోంచి వచ్చి ఆమె ఎదురుగా కూచున్నాడు. ఆ రెండు వేళ్ళకు ఇంకా గుడ్డ చుట్టి ఉంది. నేను రెండు కాఫీలు పెట్టి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. వినకూడదని తెలుసు. విన్నాను.

"ఆ రోజు కాగితంలో ఉంది వెర్లిన్" అంది ఆర్డిస్. "తూర్పు గాలి రావచ్చని ఉంది. నేను చదివాను. నీ ముందే చదివాను. చదివి, వాయవ్యం అన్నాను."

వెర్లిన్ కాఫీ కలుపుతూ ఉన్నాడు. అతను చక్కెర వేసుకోడు.

"నేనూ చదివాను."

"ఏంటి?"

"పొద్దున్నే డొరీన్ కంప్యూటర్లో చూపించింది. రెండు దారులున్నాయని. తూర్పున ఖాళీ కదా, చెట్లలోకి తోలితే ఎలా అని తనే అంది. అందుకే నీ దగ్గరికొచ్చా."

"చదివాక కూడా నన్నెందుకడిగావ్?"

"రెండు దారులు పట్టుకుని నేనేం చేస్తా ఆర్డిస్? ఒక్కణ్ణి. ఒక చోటే తోలగలను. నువ్వు ఏదో ఒకటంటే పోయి ఆ పని చేసుకుంటాను. రాత్రి కాస్త కన్ను మూతపడుతుంది."

ఆమె తన కాఫీ పక్కకు నెట్టింది.

"నన్ను తిట్టు వెర్లిన్."

"ఎందుకు?"

"ఎందుకేంటి? ఏదో ఒకటను. ఊళ్ళో ఒక్కడూ అనట్లేదు. నువ్వైనా అను."

"తిట్టేదేముంది. నువ్వు చెప్పావ్, నేను తోలాను."

తలుపు అవతల వేలంపాట అతను మైకులో వెర్లిన్ పేరు పిలిచాడు. గంట కొట్టారు. గేటు తెరిచిన చప్పుడు, ఆవుల గిట్టల చప్పుడు. వెర్లిన్ లేచి టోపీ పెట్టుకున్నాడు. ఆర్డిస్ అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. ఆ ఇంట్లో అంతకాలం కాపురం చేసి కూడా ఆమె అతన్ని అలా పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒక్కటి చెప్పి వెళ్ళు. ఆ రోజు నేను నిజం చెప్పుంటే? నాకు తెలీదు వెర్లిన్, నాకే కాదు ఎవరికీ తెలీదు అనుంటే? ఏం చేసేవాడివి?"

అతను నిలబడి ఆలోచించాడు. ఆమె అడిగిందని నిజంగానే ఆలోచించాడు. ఊరడించడానికి ఒక మాట చెప్పే మనిషి కాదు, అబద్ధం రాదు అతనికి.

"ఇంకెవర్నైనా అడిగేవాణ్ణి" అన్నాడు. "వాళ్ళూ చెట్ల వెనక్కే తోలమనేవాళ్ళు."